సోమవారం వచ్చిన జ్వరం

2006 మే 12, శుక్రవారం

అర్చనను వాళ్ళ నాయన వచ్చి కాన్పుకని గుంతకల్లు తీసుకుపోయాడు. ఆయన నాకు సొంత మేనమామ, అమ్మకు తమ్ముడు. అయినా అమ్మ ఆయనతో ముభావంగానే ఉంది. ఎనిమిదో నెల కడుపుతో ఉన్న పిల్లను బస్సు ఎక్కించకూడదని ఆమె పట్టు.

"ఊరంతా జ్వరమే ఉండాది మా. మన వీధిలో ఎంతమంది పడుకోనుండారో చూడు. తొమ్మిదో నెల వచ్చేదాకా ఆగుదామంటే అది మనకోసం ఆగుతుందా?" అన్నాను.

"నీ ఇష్టమప్పా. రేపు ఏమన్నా అయితే నన్ను అనొద్దు" అని లోపలికి పోయింది.

గుంతకల్లులో మామ వాళ్ళ వీధిలో ఇంకా ఒక్కరికి కూడా రాలేదు. కనుక్కున్నాకే పంపాను. కళ్యాణదుర్గంలో ఉంచడం కంటే ఎక్కడైనా నయమే.

బస్సు కిటికీలోంచి అర్చన, "ఆదివారమాదివారం రావల్ల బావా. అంగడి, సరుకు అని చెప్పొద్దు" అంది. వస్తానని చేతిలో చెయ్యి వేశాను.

ఈ డైరీ జనవరిలో పైపుల కంపెనీ వాళ్ళు ఇచ్చారు. ఖాళీగానే పడి ఉంది. ఇంట్లో ఇక మాట్లాడే మనిషి లేదు, అందుకని మొదలుపెట్టాను.

మే 13, శనివారం

ఇల్లు పెద్దదైనట్టుంది.

మే 16, మంగళవారం

పైపుల నుంచి దోమతెరల దాకా అన్నీ అమ్మే మా అంగట్లో ఏ సరుకు కదులుతుందో చూసి ఇది ఏ జబ్బు కాలమో చెప్పొచ్చు. నాయన దగ్గర నేర్చుకున్న మొదటి వ్యాపారం అదే. చలికాలం దగ్గులప్పుడు నీళ్ళు కాచుకునే కాగులు పోతాయి. ఉగాది దాటితే పిల్లలకు అమ్మవారు పోస్తుంది, అప్పుడు చాపలు. తొలకరికి వాంతులూ విరేచనాలూ, బకెట్లు. వినాయక చవితి తర్వాత చలిజ్వరాలు, దోమతెరలు. ఏటా ఇంతే. నాయన ఆ లెక్కనే సరుకు తెప్పిస్తాడు.

ఈ ఏడు ఆ లెక్క తప్పింది. నడి ఎండాకాలంలో దోమతెరలు అడుగుతున్నారు.

"వాన చుక్క పడకుండా దోమల జ్వరమేందిరా?" అని నాయన ఆశ్చర్యపోతున్నాడు. "దోమ పుట్టేకి నీళ్ళు కావల్ల గదా. మనకు తాగేకే లేవు."

కొత్తచెరువు నుంచి వచ్చిన సేల్స్‌మాన్ చెప్పాడు, అక్కడ ఉగాదికే మొదలైందట. అంతకుముందు కదిరిలో, ఇంకా ముందు మదనపల్లె పక్క. బస్సు దారి ఎట్లా ఉందో అట్లాగే వచ్చిందట జ్వరం. మనుషులతో పాటు టికెట్ తీసుకుని వచ్చినట్టు.

మా హమాలీ తిప్పయ్య ఈ రోజు రాలేదు. పడుకున్నాడని వాళ్ళ ఆడామె వచ్చి చెప్పింది. "చిటికెన వేలు కూడా మడిచేకి రావడం లేదంట సామీ. గాజుగ్లాసు పట్టుకోలేక కింద వేసినాడు." తిప్పయ్య రెండు సిమెంటు మూటలు ఒకేసారి మోసే మనిషి.

మే 21, ఆదివారం

గుంతకల్లు పోయి వచ్చాను. అర్చన బాగుంది. ముఖం నిండుగా అయింది. కడుపు మీద నా చెయ్యి పెట్టించి, "తంతాండాది చూడు. నువ్వు వచ్చినావని తెలిసిపోయింది" అంది. నాకేమీ తగల్లేదు కానీ తగిలిందన్నాను.

మామ వాళ్ళ ఇంట్లో కూడా కొళాయి ఏ నాలుగైదు రోజులకో వస్తుంది. పెరట్లో సిమెంటు తొట్టి, వసారా పొడవునా డ్రమ్ములు. అందులో రెండు నీలం డ్రమ్ములు మా అంగటివే. కాన్పు ఇల్లు, నీళ్ళకు కటకట పడకూడదని లారీకి వేసి పంపించాను. పనిమనిషి బయమ్మ వాటిని కడిగి పసుపు బొట్లు పెట్టింది. "అల్లుళ్ళు బంగారం తెస్తారు, మా అల్లుడు డ్రమ్ములు తెచ్చినాడు" అని అత్త నవ్వింది.

బయమ్మ ఆ ఇంట్లో అర్చన చిన్నప్పటి నుంచి ఉంది. అర్చనకు తల దువ్వేదీ, కాళ్ళు పట్టేదీ ఆమే. ఆమె ఉందంటే నాకు ధైర్యంగా ఉంటుంది.

ఒక దోమతెర తీసుకుపోయాను. అర్చన మంచానికి నేనే కట్టాను.

మే 30, మంగళవారం

మలేరియా ఆఫీసు వాళ్ళు వీధిలో తిరిగారు. డ్రమ్ముల్లో టార్చి వేసి చూపించారు. నీళ్ళలో సన్నటి పురుగులు, వెలుగు పడితే కిందికీ పైకీ గింజుకుంటున్నాయి. ఇవే దోమలవుతాయట. ఇది మురికి గుంటల్లో పుట్టే దోమ కాదట. మనం తాగేకి దాచుకున్న మంచినీళ్ళలోనే గుడ్లు పెడుతుందట, పగటిపూట కుడుతుందట. వారానికి ఒకరోజు అన్నీ పారబోసి, రుద్ది కడిగి, ఎండబెట్టాలట.

నాయనకు కోపం వచ్చింది. "పారబోసేకి నీళ్ళు యాడివి సార్? వారానికొకసారి ట్యాంకరొస్తే ఆడోళ్ళు జుట్లు పట్టుకుంటాండారు. మీరేమో పారబోయమంటారు."

ఆ వచ్చినాయన పాపం విసుక్కోలేదు. "నిజమేనయ్యా. మా ఇంట్లో కూడా పారబోయలేదు. చెప్పమన్నారు, చెప్తాండా" అన్నాడు. ఆయన కూడా కుంటుతూనే నడుస్తున్నాడు.

అప్పుడర్థమైంది. కాలువ నీళ్ళుండే ఊళ్ళల్లో కాక మా ఎండు ఊళ్ళల్లోనే ఇది ఎందుకు ఇంతగా వచ్చిందో. నీళ్ళు లేని చోటే గదా నీళ్ళు దాచుకునేది.

గుంతకల్లుకు ఫోన్ చేశాను. "అత్తా, డ్రమ్ములన్నిటికీ మూతలు పెట్టించు. బట్ట కట్టించు."

"పెట్టినాంలేప్పా. ఈడ ఎవరికీ లేదు. నువ్వేం బెంగ పెట్టుకోవద్దు."

నేను కట్టిన దోమతెర రాత్రికే. పగలు కుట్టేదానికి అదేం చేస్తుంది? అర్చనకు ఆ మాట చెప్పలేదు. ఎందుకు భయపెట్టడం.

జూన్ 8, గురువారం

పెద్ద వాన. మట్టి వాసనకు అంగడి వదిలేసి అందరం రోడ్డు మీదికొచ్చి నిలబడ్డాం.

జూన్ 10, శనివారం

పల్లెల నుంచి రైతులు వచ్చి తలలు పట్టుకుంటున్నారు. భూమి పదును మీదుంది, విత్తనానికి చెనక్కాయలు కొట్టించి పెట్టుకున్నారు, గొర్రు పట్టే మనిషి లేడు. లింగప్పరెడ్డి అని మా పాత ఖాతాదారు, ఎప్పుడూ మీసం మెలేసి మాట్లాడేవాడు, అంగడి మెట్టు మీద కూర్చుని లేవలేకపోయాడు. నేనూ ఇంకొకరూ రెక్క పట్టి లేపాం. "కరువొచ్చిన ఏడు వాన లేదని ఏడ్చినాం. ఇప్పుడు వానొచ్చింది, ఒంట్లో కీలు లేదు" అని నవ్వబోయాడు.

తిప్పయ్య పనికి వచ్చాడు. ముసలివాడిలా గోడ పట్టుకుని నడుస్తున్నాడు. కూర్చోమన్నాను.

నాకింతవరకూ రాలేదు. నా ఒంటి తత్వమే అంత. చిన్నప్పుడు కూడా ఇంట్లో అందరికీ వచ్చినా నాకు వచ్చేది కాదు.

జూన్ 11, ఆదివారం

గుంతకల్లు. అర్చన పాదాలు వాచాయి. నెలాఖరుకు కాన్పంది డాక్టరమ్మ. వీధిలో ఇంకా ఎవరికీ లేదు. దేవుడున్నాడు.

జూన్ 17, శనివారం

లోడు వచ్చింది. తిప్పయ్యకు చేతకాదు కాబట్టి నేనే దింపాను. సాయంత్రానికి మణికట్లు లాగుతున్నాయి. షట్టర్ దించబోతే చేతులు పైకి లేవలేదు, పక్క అంగటి ఆయన వచ్చి దించాడు. అలవాటు లేని పని. ఒళ్ళు కూడా వెచ్చగా ఉంది, ఎండకు. మాత్ర వేసుకున్నాను.

జూన్ 18, ఆదివారం

గుంతకల్లు పోయి వచ్చాను.

అమ్మ వద్దంది. "కండ్లు ఎర్రగా ఉండాయి. ఈ వారానికి నిలిచిపో" అంది. లోడు దింపిన అలసట అని చెప్పాను. మాట ఇచ్చాను గదా. ఈ నెలాఖరే కాన్పంటే, మనిషి ఎదురుచూస్తుంటే, ఒళ్ళు నొప్పులని ఆగిపోతానా? రేయి మాత్రతో పొద్దునకు తేలికగానే ఉండింది.

బస్సులో ఉరవకొండ దాటాక మళ్ళీ తల పగిలిపోయింది. కిటికీ పక్క సీటు, వడగాలి.

అన్నం తినబుద్ధి కాలేదు. బయమ్మ మజ్జిగ ఇచ్చింది. మధ్యాహ్నమంతా వసారాలో డ్రమ్ముల పక్కన చల్లగా ఉంటే చాప వేసుకుని పడుకున్నాను. దోమలు కుట్టి లేపాయి. అర్చన వచ్చి గోడకానుకుని కూర్చుంది. నా చెయ్యి పట్టుకుని చాలాసేపు అట్లాగే ఉంది. ఏమీ అడగలేదు, నేనూ ఏమీ చెప్పలేదు. ఆ కాస్సేపు చాలా హాయిగా ఉండింది.

జూన్ 19, సోమవారం

జ్వరం వచ్చింది. ఈ రోజే మొదలైంది. పొద్దున మంచం దిగబోతే కాళ్ళు నావి కావు.

జూన్ 20, మంగళవారం

డాక్టరు ఎప్పటి నుంచి అని అడిగాడు. సోమవారం నుంచి అన్నాను. రాసుకున్నాడు.

జూన్ 24, శనివారం

ఇప్పుడు పెన్ను పట్టగలుగుతున్నాను. వేళ్ళ మధ్య గాజు పెంకులున్నట్టుంది. మొదటి నాలుగు రోజులూ అమ్మ నాకు అన్నం కలిపి నోట్లో పెట్టింది. తర్వాత ఆమెకూ వచ్చింది. ఇప్పుడు ఇద్దరికీ నాయనే చారు కాస్తున్నాడు.

గుంతకల్లుకు ఫోన్ చేసి నాకు జ్వరమని చెప్పాను. "ఎప్పటి నుంచి?" అని మామ అడిగాడు.

"సోమవారం నుంచి మామా. ఈడికొచ్చినాక."

"మేలాయ. ఆదివారం ఈడికి వచ్చినప్పుడు రాలేదు" అన్నాడు.

జూన్ 29, గురువారం

అర్చనకు జ్వరం. నిన్నటి నుంచి.

కాన్పు జ్వరమేమో. కొందరికి ముందే వస్తుందట.

జూన్ 30, శుక్రవారం

ఆడపిల్ల. ఆపరేషన్ లేకుండానే అయింది. నేను బస్సు మెట్లు ఎక్కలేకపోతే కండక్టరు చెయ్యి ఇచ్చి లాగాడు. "చికెన్ గున్యానా అన్నా? మా డిపోలో సగం మందికి అదే" అన్నాడు.

పాప ఎర్రగా ఉంది. పిడికిలి గట్టిగా బిగించింది. బయమ్మ ఒడిలో పెట్టుకుని, "అల్లుడి ముక్కే దిగిండాది" అంది. అర్చన ఒళ్ళు కాలుతోంది. దద్దుర్లు కూడా వచ్చాయి. కానీ నవ్వుతోంది. "చూసినావా బావా, ఏమీ కాలేదు. ఊరికే భయపడినాం."

అవును. ఊరికే భయపడ్డాం.

జూలై 2, ఆదివారం

పాప బాగా పాలు తాగుతోంది. మామ మిఠాయి పంచాడు. అర్చన జ్వరం తగ్గుముఖం పట్టింది. లేచి కూర్చోలేదు కానీ పక్కకు తిరిగి పాలిస్తోంది. నేను రేపు ఊరికి పోయి నాయనకు సాయంగా ఉండి వారానికి మళ్ళీ వస్తానన్నాను.

జూలై 4, మంగళవారం

పొద్దున ఫోన్. పాప పాలు పట్టడం లేదు. ఒళ్ళు వేడి. వస్తున్నానన్నాను. ఉరవకొండలో బస్సు మారేచోట మళ్ళీ బూత్ నుంచి చేశాను, పాపకు కాళ్ళూ చేతులూ కొట్టుకుంటున్నాయని, జీపులో అనంతపురం తీసుకుపోతున్నామని అత్త చెప్పింది. నేను అక్కడి నుంచే అనంతపురం బస్సెక్కాను. ఆ బస్సు ప్రతి ఊళ్ళోనూ ఆగింది.

జూలై 5, బుధవారం

అద్దాల పెట్టెలో పెట్టారు. ముక్కులో గొట్టం. ఎర్రగా ఉన్న పిల్ల బొగ్గుపొడి చల్లినట్టు నల్లబడింది, ముక్కూ చెంపలూ మరీ. లోపలికి పోనివ్వరు. తలుపుకున్న అద్దంలోంచి చూడొచ్చు.

అర్చన నేల మీద దుప్పటి వేసుకుని పడుకుంది. కీళ్ళు పట్టేశాయి, లేవలేదు. ఇద్దరు పట్టుకుని లేపితే అద్దం దాకా నడిచి చూసి వస్తుంది. ఆ పట్టుకునే ఇద్దరిలో నేనొకణ్ణి. నేను కూడా గట్టిగా పట్టుకోలేను.

జూలై 6, గురువారం

పిల్లల డాక్టరు చిన్నవాడు, నా వయసే ఉంటుంది. ఓపిగ్గా చెప్పాడు. తల్లికి కాన్పు సమయానికి జ్వరం ఉంటే రక్తంలోంచి బిడ్డకు వస్తుందట. మందు లేదట. ఫిట్స్ ఆపేకి మందుంది, జ్వరానికి మందుంది, దీనికి మాత్రం లేదట.

"మీ ఇంట్లో ఇంతకుముందు ఎవరికన్నా వచ్చిందా? వీధిలో?"

"ఎవరికీ లేదు సార్" అన్నాడు మామ. "మా వీధిలో ఇదే మొదలు."

"దోమ దానంతటది ఊరు దాటి రాదండీ. ఎవరో జ్వరంతో ఉన్నవాళ్ళు బయట నుంచి వచ్చుంటారు. వాళ్ళను కుట్టిన దోమ వారం పది రోజుల్లో ఇంకొకరిని కుడుతుంది. పోనీలెండి. ఇప్పుడది తెలిసి మాత్రం చేసేదేముంది?"

నాకు సోమవారం మొదలైంది. కళ్యాణదుర్గంలో.

జూలై 9, ఆదివారం

బయమ్మను పనిలోంచి తీసేశారు.

ఆమె పోయిన నెలలో రెండు రోజులు చెల్లెలి ఊరికి పోయి వచ్చిందట. ఆ పల్లెలో జ్వరాలున్నాయి. అత్త ఆసుపత్రి వరండాలోనే అరిచింది. "నీ చెల్లెలిని చూడకపోతే పానం పోతుండెనా? కడుపుతో ఉన్న పిల్ల ఇంట్లో ఉండాదని తెలియదా?"

"నాకు జ్వరమే రాలేదు కదమ్మా" అంది బయమ్మ.

"రాకుండానే తెచ్చినావు."

బయమ్మ పాప కోసమని ఉడకబెట్టిన గుడ్డలు తెచ్చింది. మూట అక్కడే పెట్టి, అద్దంలోంచి ఒకసారి చూసి, పోయింది. మామ నా వైపు చూసి, "నువ్వేమంటావప్పా?" అన్నాడు.

అత్త అంత బాధలో ఉంది. ఎవరినో ఒకరిని అననిదే ఆమెకు ఊపిరాడదు. ఆ సమయంలో నేను మధ్యలో మాట్లాడడం బాగుండదు. బయమ్మను తర్వాత మళ్ళీ పెట్టుకుంటారు. నాకు తెలుసు వాళ్ళ సంగతి.

జూలై 11, మంగళవారం

ఫిట్స్ ఆగాయి.

జూలై 14, శుక్రవారం

డాక్టరు మాటల్లో అడిగాడు, మేనరికమా అని. అవునన్నాను. తలూపి రాసుకున్నాడు. అదే కారణమని ఆయన అనలేదు. కానీ నేను అత్తతో, మామతో చెప్పాను, డాక్టరు మేనరికం గురించి అడిగాడని. సాయంత్రానికి ఆ మాట కళ్యాణదుర్గం చేరింది. అమ్మ ఫోన్లో ఏడ్చింది. "నా తమ్ముడి బిడ్డను నేనే కావాలని తెచ్చుకుంటి. నా నెత్తిన నేనే నిప్పులు పోసుకుంటి."

ఊరుకోమ్మా అన్నాను. 

జూలై 22, శనివారం

పాపను గుంతకల్లు తెచ్చాం. పాలు కొంచెం కొంచెం తాగుతోంది. నలుపు తగ్గుతోంది. బతికింది. అందరం అదే మాట మళ్ళీ మళ్ళీ అనుకున్నాం.

కొత్త పనిమనిషి దొరకలేదట. వీధి వీధంతా మంచాల మీద ఉంది.

ఆగస్టు 20, ఆదివారం

పాప నవ్వదు. ఆలస్యంగా నవ్వే పిల్లలుంటారు.

సెప్టెంబర్ 17, ఆదివారం

చప్పట్లు కొట్టాను. తిరిగింది. వింటుంది. అది చాలు. తల నిలబెట్టదు, ఎత్తుకుంటే వెనక్కి వాలిపోతుంది. కాళ్ళు కర్రల్లా బిగుస్తాయి. కళ్ళు నా భుజం మీదుగా ఎక్కడో చూస్తుంటాయి.

ఎనిమిదో నెలలో ప్రయాణం చేయించినందుకే ఇది అని ఇప్పుడు అమ్మ అంటోంది. అదీ కావచ్చు. బస్సు కుదుపులకు.

అక్టోబర్ 5, గురువారం

బెంగుళూరు. మెదడు ఫోటో తీశారు. పెద్ద డాక్టరు దీపం ముందు ఫిలిం పెట్టి, కొన్ని చోట్ల తెల్లగా కనిపించేది చూపించాడు. నడుస్తుందా అని అడిగాను. ఇప్పుడే చెప్పలేమన్నాడు. మాట్లాడుతుందా? ఇప్పుడే చెప్పలేం. రోజూ వ్యాయామం చేయించాలట. ఒక అమ్మాయి నేర్పించింది, మోకాలు ఎట్లా వంచాలో, వీపు కింద చెయ్యి ఎట్లా పెట్టాలో.

తిరుగు రైల్లోనే అర్చన పాప మోకాలు వంచడం మొదలుపెట్టింది.

నవంబర్ 12, ఆదివారం

అర్చన పాపతో కళ్యాణదుర్గం వచ్చేసింది. చలి మొదలైంది. ఊళ్ళో కొత్తగా జ్వరమన్న మాటే లేదు. చెనక్కాయ పంట సగానికి సగం పోయింది, అది వేరే. అంగట్లో కాగులు కదులుతున్నాయి. నాయన సంతోషంగా ఉన్నాడు, ఆయన లెక్క మళ్ళీ సరిపోయింది.

"వచ్చే ఏడు రాదంటరా. ఒకసారి వచ్చినోళ్ళకు మళ్ళీ రాదంట. అందరికీ వచ్చిపాయ గదా, ఇంక యాడికి పోతుంది?"

తిప్పయ్య మూట మోస్తున్నాడు, ఒక్కటే. లింగప్పరెడ్డి మీసం మెలేస్తూ వచ్చి పైపులు బేరం చేసి పోయాడు. ఊరు ఆ జ్వరాన్ని అప్పుడే తమాషాగా చెప్పుకుంటోంది, ఎవరు ఎట్లా కుంటారో నడిచి చూపిస్తూ.

నవంబర్ 26, ఆదివారం

ఇది రాయకూడదనుకున్నాను.

మధ్యాహ్నం అమ్మ పాపకు దిష్టి తీస్తూ మళ్ళీ బయమ్మను తిట్టింది. "ఆ ముండ తెచ్చి అంటించింది" అని. అమ్మ గుడికి పోయాక అర్చన పాపను ఒళ్ళో వేసుకుని, తల ఎత్తకుండా అంది.

"బయమ్మకు ఆసుపత్రి నుంచి పోయినాక వచ్చిందంట జ్వరం. నెల రోజులు లేవలేదంట. మా వీధి తిమ్మమ్మ చెప్పింది."

"అట్లనా" అన్నాను.

"ముందు ఆమెకు రాకుండా నాకెట్ల ఇచ్చింటుంది బావా?"

పాప ముఖం మీద వాలబోయిన ఈగను తోలాను.

"నీకు ఎప్పుడు మొదలయ్యింది?"

"సోమవారం."

అప్పుడు తలెత్తింది. కోపం లేదు ముఖంలో. అది ఉండి ఉంటే బాగుండేది.

"నేను నీ చెయ్యి పట్టుకోనుంటి బావా, ఆ ఆదివారం. పెనం మాదిరి కాలుతాండె. పట్టుకున్నాక నాకు తెలిసిపాయ. మా నాయనకు చెప్తే నిన్ను వెంటనే పంపించేస్తాడు. ఇంక కాన్పు దాకా రానీయడు. నువ్వు కొంచేపన్నా ఉండల్లని నాకుండె. అందుకే ఎవరికీ చెప్పలేదు. నిన్ను కూడా అడగలేదు."

పాప కాలు బిగిసింది. దాన్ని అరచేత్తో నిమిరి మెత్తబరుస్తూ మళ్ళీ అంది.

"నువ్వొక్కనివే దాచినావని అనుకుంటాండావు. నేను కూడా దాచినా. బయమ్మను పంపిస్తాండంగ చూస్తా ఉంటి. నేను అరిస్తే ఆపేవాళ్ళు. లేచేకి కాలేదని అనుకుంటాండా. నోరు బాగానే ఉండె కదా."

ఆమె భుజం మీద చెయ్యి వేయబోయాను. వేళ్ళు పొద్దున్నుంచీ వంగడం లేదు. అర్చనే నా చెయ్యి తీసుకుని తన భుజం మీద పెట్టుకుంది. అమ్మ వచ్చిన అలికిడికి తీసేసింది.

నాకు జ్వరం శనివారం వచ్చింది. షట్టర్ దించలేకపోయిన సాయంత్రం.

నవంబర్ 29, బుధవారం

మామకు ఫోన్ చేసి చెప్పాను. శనివారమే మొదలైందని, ఆ ఒంటితోనే ఆదివారం వచ్చానని. 

"ఇప్పుడెందుకు చెప్తాండావప్పా?" అన్నాడు. "బయమ్మను అన్నంతసేపు మీ అత్తకు ఎట్లనో పొద్దుపోతాండె. ఇప్పుడు నిన్ను అనల్లనా? అంటే ఆ పిల్ల కాపురమేం కావల్ల? మీ అత్తకు చెప్పొద్దు. నాకు చెప్పినావు, చాలు."

పెట్టేశాడు. చెప్తే తేలికవుతుందనుకున్నాను. నాది తీసుకుపోయి ఆయన నెత్తిన పెట్టాను, అంతే.

డిసెంబర్ 3, ఆదివారం

బయమ్మ కోసం గుంతకల్లు పోయాను. మామ వాళ్ళింటికి పోలేదు. ఆమె గుడిసెకు తాళం. పక్కింటామె చెప్పింది, కూతురూ అల్లుడూ బెంగుళూరులో బిల్డింగు పనికి పోతూ ఆమెను కూడా తీసుకుపోయారట. "ఈడ ఎవరూ పనికి పెట్టుకోలేదన్నా. ఆమె ఇంట్లో కాలు పెడితే జ్వరమొస్తాదని పేరు పడె. చేతులు పనిచేయవు ఎట్లాగూ. ఆడ మనమణ్ణి చూసుకుంటాది."

బెంగుళూరులో ఎక్కడ అంటే తెలియదంది. ఎవరు మీరు అని అడిగింది. తెలిసినవాణ్ణి అన్నాను.

సాయంత్రం బస్సుకు ఇంకా సమయముంది. స్టాండులో కూర్చున్నాను. ఎక్కేవాళ్ళు, దిగేవాళ్ళు. ఎవరు ఏం మోసుకుపోతున్నారో ఎవరికి తెలుసు.

డిసెంబర్ 4, సోమవారం

అర్చనకు చెప్పాను, దొరకలేదని. "ఊ" అంది. అంతే.

డిసెంబర్ 10, ఆదివారం

అంగడికి సెలవు. ఎండ వరండాలోకి వచ్చింది. అర్చన చాప పరిచి పాపను పడుకోబెట్టింది. రోజూ తనే చేయిస్తుంది, ఈ రోజు నన్ను కూర్చోమంది.

"మోకాలి కింద ఒక చెయ్యి, మడమ దగ్గర ఒక చెయ్యి. మెల్లగ. నీ బలం చూపించొద్దు."

"నా దగ్గర బలం యాడుండాది?"

నా వేళ్ళు మడమ చుట్టూ సరిగ్గా మూసుకోలేదు. అర్చన నా చేతుల మీద తన చేతులు పెట్టింది. ఆమె మణికట్టు కూడా వాచే ఉంది, చలికి ఇద్దరివీ అంతే. నాలుగు చేతులూ కలిసి ఒక చిన్న కాలిని వంచాం. మొదట వంగలేదు. కర్రలా నిలబడింది. కొంచెం ఆగి, మళ్ళీ. వంగింది.

పాప ముఖం ఎర్రబడి, నోరు తెరిచి ఏడ్చింది. పెద్దగా. లోపలి నుంచి అమ్మ, "ఏమి చేస్తాండారు పిల్లను?" అని కేకేసింది.

ఏడిస్తే ఆపొద్దని బెంగుళూరు డాక్టరు చెప్పాడు. ఏడుపు మంచిదేనట, ఊపిరితిత్తులకూ మెడకూ బలమట.

రెండో కాలు పట్టుకున్నాం.